ఛాంబర్ నట్టు మన చేతిలో ఉండాలి

సాగర్ ఎడమ కాలువకు నీళ్లు వదిలారంటే మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ ఆయకట్టులో ట్రాక్టరుకు రాత్రీ పగలూ తేడా ఉండదు. సూర్యాపేట వైపు మూసీ కాలువల కింద, బోర్ల కింద కూడా అంతే. అందరి నార్లూ ఒకేసారి ముదురుతాయి. అందరికీ ఒకేసారి దమ్ము కావాలి. ఆ నెల రోజుల్లో ఒక ట్రాక్టరు ఆగితే ఆగేది ఒక్క యజమాని పని కాదు. ఆ బండిని నమ్ముకున్న పది పదిహేను కుటుంబాల నాట్లు ఆగుతాయి. కూలీలను మాట్లాడుకున్న కౌలు రైతు వాళ్లను వెనక్కి పంపుకోవాలి. బండి యజమానికి కిరాయి పోతుంది, కిస్తీ మాత్రం తేదీకి వచ్చి నిలబడుతుంది.

అలా ఆగిన బండ్లలో కొన్నింటి వెనక కారణం చూస్తే బొటనవేలంత ఉంటుంది. ఇంజన్ ఆయిల్ ఛాంబర్ అడుగున ఉండే డ్రెయిన్ ప్లగ్, అంటే మనం ఛాంబర్ నట్టు అనేది, మర పోయి సన్నగా కారడం మొదలుపెడుతుంది. దమ్ములో ఉన్న బండి కింద ఆయిల్ చుక్కలు ఎవరికీ కనిపించవు, బురదలో కలిసిపోతాయి. ఆయిల్ మట్టం పడిపోయి ప్రెషర్ లైటు వెలిగే సమయానికి డ్రైవరు వెనక్కి తిరిగి రోటావేటరును చూస్తూ ఉంటాడు. ఆ తర్వాత బేరింగులు పట్టేయడానికి గంటలు అక్కర్లేదు, నిమిషాలు చాలు. ఇంజను విప్పిస్తే పిస్టన్లు, లైనర్లు, బేరింగులు, క్రాంకు గ్రైండింగు అన్నీ కలిపి బిల్లు ఎంత అవుతుందో ఒకసారి విప్పించిన వాళ్లను అడిగితే చెబుతారు.

ఈ నట్టు గురించి మన పత్రికలో రాయడం కొందరికి వింతగా అనిపించవచ్చు. కానీ యంత్రం లేకుండా ఇవాళ వరి లేదు. యంత్రం ఖర్చు సాగు ఖర్చులో పెద్ద భాగం. ఆ ఖర్చులో మన చేతిలో ఉన్న భాగాన్ని కూడా మనం ఇతరులకు వదిలేస్తున్నాం. నేను చెప్పదలచుకున్నది అదే.

ముందు ఈ నట్టు ఎందుకు చెడుతుందో చూద్దాం. నట్టుకూ ఛాంబరుకూ మధ్య ఒక వాషర్ ఉంటుంది. సాధారణంగా రాగిది గానీ అల్యూమినియందిగానీ ఉంటుంది. ఆ లోహం మెత్తగా ఉండడమే దాని పని. నట్టు బిగించినప్పుడు అది నలిగి సందులన్నీ మూసేస్తుంది. ఒకసారి నలిగిన వాషర్ గట్టిపడుతుంది, రెండోసారి అంత బాగా నలగదు. అందుకే ఆయిల్ మార్చిన ప్రతిసారీ కొత్త వాషర్ వేయాలి. మన దగ్గర జరిగేది వేరు. ఆయిల్ డబ్బా కొంటాం, ఫిల్టరు కొంటాం, వాషర్ మాత్రం పాతదే వేస్తాం. అది కొద్దిగా కారుతుంది. కారుతోందని ఇంకో చుట్టు బిగిస్తాం. అయినా కారితే పానాకు ఇనుప పైపు తొడిగి బలం కొద్దీ బిగిస్తాం. మూడు నాలుగుసార్లు ఇలా చేస్తే మర తెగిపోతుంది. ఛాంబర్ అల్యూమినియందైతే నట్టు ఉక్కుది, ఛాంబర్ మెత్తనిది కాబట్టి ముందు పోయేది ఛాంబర్ మరే. నట్టు కొత్తది తెచ్చినా అక్కడ పట్టు ఉండదు.

అంటే కారేది వాషర్ వల్ల, మనం శిక్ష వేసేది మరకు. రెండు టీల ఖరీదు పెట్టే చోట పెట్టకపోవడం వల్ల ఛాంబర్ దాకా వస్తుంది. చాలా ట్రాక్టర్లలో ఈ ఛాంబర్ కార్లలో మాదిరి రేకు తొట్టి కాదు. పోత ఇనుముతో చేసి, బండి ముందు భాగం బరువును మోసేలా అమర్చిన భాగం. దాన్ని విప్పాలంటే ముందు ఇరుసు వైపు పనంతా తియ్యాలి. సీజన్ మధ్యలో అది అయ్యే పని కాదు.

మర పోయాక మన ఊళ్లలో కనిపించే వైద్యాలు కూడా ఒకసారి చూడాలి. కొందరు నట్టు చుట్టూ ఎంసీల్ ముద్ద పెడతారు. ఇంజను వేడికి, అదురుకు అది ఎన్నాళ్లు నిలుస్తుందో చెప్పలేం. నిలిచినా మళ్లీ ఆయిల్ మార్చేటప్పుడు సుత్తితో పగలగొట్టాల్సి వస్తుంది. కొందరు మరకు టేపు చుడతారు. ఆ టేపు ముక్కలు లోపల పడితే ఆయిల్ లాగే జాలీకి అడ్డం పడవచ్చు. ఇంకొందరు కొంచెం లావు నట్టును బలవంతంగా తిప్పి కొత్త మర కోయిస్తారు. అత్యవసరానికి అది పనికొస్తుంది కానీ కోసేటప్పుడు రాలిన ఇనుప రజను ఛాంబర్‌లో మిగలకూడదు. ట్యాపుకు గ్రీజు పూసి కొయ్యాలి, ఆ తర్వాత కొద్దిగా పాత ఆయిల్ పోసి కడిగి వదలాలి. శాశ్వతమైన వైద్యం మాత్రం మంచి లేత్ మిస్త్రీ దగ్గర రంధ్రాన్ని పెద్దది చేయించి, స్ప్రింగ్ మర గానీ బుష్ గానీ కొట్టించి, అసలు కొలత నట్టునే మళ్లీ పట్టించడం. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ మూడు పట్టణాల్లోనూ ఈ పని తెలిసిన మిస్త్రీలు ఉన్నారు. వాళ్ల దగ్గరికి సీజన్ ముందే వెళ్లాలి, సీజన్‌లో కాదు.

ఇక మెరుగైన నట్టు వేయించుకోవాలా అనే ప్రశ్న. బజారులో ఇప్పుడు రెండు రకాలు కనిపిస్తున్నాయి. మొదటిది అయస్కాంతం ఉన్న నట్టు. దాని మొనకు చిన్న అయస్కాంతం ఉంటుంది. ఆయిల్‌లో తేలే ఇనుప పొడి దానికి అంటుకుంటుంది. ఆయిల్ మార్చేటప్పుడు దాన్ని తుడిచే ముందు ఒకసారి వెలుతురులో చూడాలి. బూడిద రంగు మెత్తని పేస్టులా ఉంటే అది మామూలు అరుగుదల. చేతికి గుచ్చుకునే పలుకులు, ముక్కలు కనిపిస్తే లోపల ఏదో భాగం విరుగుతోందని అర్థం. అప్పుడే మెకానిక్‌కు చూపిస్తే చిన్న పనితో పోతుంది. రాగి, అల్యూమినియం దీనికి అంటుకోవు కాబట్టి ఇది అన్నీ చెప్పదు. అయినా డబ్బుకు తగిన వస్తువు. కొలత, మర సరిగ్గా మన బండికి సరిపోయేది దొరికితే వేయించుకోవచ్చు.

రెండోది నట్టు బదులు చిన్న కుళాయి. పానాతో పని లేదు, పిడి తిప్పితే ఆయిల్ దిగుతుంది. మరను ముట్టుకోవడం ఉండదు కాబట్టి మర చెడదు. రోడ్డు మీద తిరిగే డీసీఎంకు, లారీకి ఇది మంచి ఏర్పాటే. సూర్యాపేట మీదుగా పోయే 65వ నంబరు జాతీయ రహదారి మీద సరుకు తోలే బండ్ల వాళ్లు వాడుకోవచ్చు. దమ్ములో దిగే ట్రాక్టరుకు మాత్రం వద్దని నా అభిప్రాయం. నట్టు కంటే కుళాయి కిందికి వేలాడుతుంది. పొలం గట్టు దాటేటప్పుడు, మోళ్లలో తిరిగేటప్పుడు, పత్తి కట్టె మీద నుంచి పోయేటప్పుడు దెబ్బ తగిలేది దానికే. కట్టె పుల్ల పిడికి తగిలి అది తెరుచుకుంటే ఛాంబర్ మొత్తం పొలంలో ఖాళీ అవుతుంది. ఎవరైనా పెట్టించుకోవాలనుకుంటే పిడికి తాళం క్లిప్పు ఉన్నది, కింద రక్షణ రేకు ఉన్నదే పెట్టించుకోవాలి. మన నేలకు, మన పనికి సరైన మెరుగుదల కుళాయి కాదు. ప్రతిసారీ కొత్త వాషర్, సరైన పానా, పైపు తొడగని చెయ్యి.

పని పద్ధతి కూడా చెప్పుకుందాం. బండిని చదునైన చోట నిలిపి, పది నిమిషాలు నడిపి ఆపాలి. ఆయిల్ గోరువెచ్చగా ఉంటే మురికితో సహా దిగుతుంది. కాలేంత వేడిగా ఉంటే చేతులు కాలుతాయి. నట్టు చుట్టూ మట్టి తుడిచాకే విప్పాలి. కొలత సరిపోయిన రింగ్ పానానే వాడాలి. వదులు పానాతో తిప్పితే నట్టు మూలలు గుండ్రమైపోతాయి. ఆయిల్ ధార ఆగాక కూడా పావుగంట చుక్కలు కారనివ్వాలి. కొత్త వాషర్ వేసి, నట్టును ముందు వేళ్లతోనే చివరి దాకా తిప్పాలి. వేళ్లతో తిరగడం లేదంటే మర తప్పు పట్టిందని అర్థం, పానా పెట్టకూడదు. చివరగా మామూలు పానాతో వాషర్ నలిగే వరకు బిగిస్తే చాలు. టార్క్ రించ్ ఉన్న చోట కంపెనీ పుస్తకంలోని కొలతకు బిగించాలి. ఆయిల్ పోసి, కమ్మి మీద రెండు గీతల మధ్య మట్టం చూసి, ఇంజను నడిపి కింద ఒకసారి చూడాలి. గంట పని అయ్యాక మళ్లీ చూడాలి.

ఎప్పుడు మార్చాలి అన్నది క్యాలెండరు చెప్పదు, అవర్ మీటరు చెబుతుంది. చాలా ట్రాక్టర్లకు ఇంజన్ ఆయిల్ గడువు 250 గంటలు. కొన్ని కొత్త మోడళ్లకు ఇంకా ఎక్కువ ఉంది, పుస్తకం చూసుకోవాలి. దమ్ము రోజుల్లో బండి రోజుకు 10 గంటలు నడిస్తే 25 రోజుల్లో 250 గంటలు అయిపోతాయి. అంటే ఒక్క వానకాలం దమ్ముకే ఒక ఆయిల్ మార్పు కావాలి. ‘ఏడాదికి ఒకసారి’ అనే లెక్క ఎడ్ల బండి ఇరుసుకు కందెన పెట్టినట్టు ఉంటుంది కానీ ఇంజనుకు పనికిరాదు.

నీళ్ల సంగతి మన ప్రాంతానికి ప్రత్యేకం. 2024 ఆగస్టు 31, సెప్టెంబర్ 1 తేదీల వానలకు కోదాడ పట్టణం మునిగింది. నడిగూడెం మండలం కాగిత రామచంద్రాపురం దగ్గర సాగర్ ఎడమ కాలువకు గండి పడింది. అలాంటి వరదలో మునిగిన బండిని బయటికి లాగగానే తాళం తిప్పడం అన్నిటికంటే పెద్ద ప్రమాదం. నీళ్లు ఆయిల్ కంటే బరువైనవి, ఛాంబర్ అడుక్కి చేరతాయి. బండిని కదలకుండా నిలిపి నట్టును కొద్దిగా వదులు చేస్తే ముందు నీళ్లే వస్తాయి. నీళ్లు కనిపించినా, ఆయిల్ పాలు పోసిన టీ రంగులో ఉన్నా ఇంజను తిప్పకూడదు. మెకానిక్ వచ్చి గాలి ఫిల్టరు, సిలిండర్లు, డీజిల్ ట్యాంకు చూసి, ఆయిల్, ఫిల్టర్లు మార్చాకే స్టార్టు చేయాలి. వరద లేకపోయినా లోతు దమ్ములో తిరిగిన బండికి వెనక హౌసింగులోకి సీళ్ల గుండా నీళ్లు చేరుతాయి. దమ్ము సీజన్ అయ్యాక రాత్రంతా నిలిపిన బండికి పొద్దున్నే వెనక డ్రెయిన్ నట్టు వదులు చేసి చూసుకోవడం అలవాటు చేసుకోవాలి. గేర్లు, హైడ్రాలిక్, చాలా మోడళ్లలో బ్రేకులు కూడా ఆ ఆయిల్ మీదే ఆధారపడి ఉంటాయి.

ఇదంతా విని ఒక సోదరుడు అడగవచ్చు: ‘రైతు సంఘం పని మద్దతు ధర కోసం కొట్లాడడం. నట్టు బిగించడం నేర్పడమా?’ ప్రశ్న సరైనదే. మద్దతు ధర పోరాటం తగ్గించమని ఎవరూ అనడం లేదు. స్వామినాథన్ కమిషన్ చెప్పిన లెక్క ప్రకారం సమగ్ర ఖర్చు మీద 50 శాతం కలిపి ధర ఇవ్వాలన్న డిమాండ్ అలాగే ఉంది. కానీ ఖర్చుల, ధరల కమిషన్ సాగు ఖర్చు లెక్కగట్టేటప్పుడు యంత్రం కిరాయిని, సొంత యంత్రం ఖర్చును లెక్కలోకి తీసుకుంటుంది. సీజన్ మధ్యలో ఆగిన బండి వల్ల ముదిరిన నారు, తగ్గిన దిగుబడి, వెనక్కి పోయిన కూలీలు ఆ లెక్కలో ఏ గడిలోనూ కనిపించవు. ఆ నష్టం ధరలో తిరిగి రాదు. రానిదాన్ని పోకుండా చూసుకోవడమే మార్గం. క్వింటాలుకు రావలసిన రూపాయి కోసం కొట్లాడే సంఘం, ఎకరానికి పోతున్న రూపాయిని ఆపడం తన పని కాదనుకోకూడదు.

పైగా ఇందులో కొట్లాట కూడా ఉంది. ట్రాక్టరుతో వచ్చే పుస్తకాన్ని ఎంతమంది చదవగలుగుతున్నారు? నట్టు కొలత, వాషర్ కొలత, ఎంత బిగించాలి అన్నవి తెలుగులో, బొమ్మతో, డ్రైవరు కూర్చునే చోట కనిపించేలా ఎందుకు ఉండవు? ఫిల్టరు కొన్నప్పుడు అదే అట్టపెట్టెలో వాషర్ ఎందుకు పెట్టరు? సొంత యంత్రాన్ని బాగు చేసుకునే హక్కు గురించి కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 జూలైలో ఒక కమిటీ వేసింది. అది గుర్తించిన నాలుగు రంగాల్లో వ్యవసాయ పరికరాలు ఒకటి. మొబైల్ ఫోన్లు, గృహోపకరణాలు, వాహనాలు మిగతా మూడు. ఫోన్ల గురించి చర్చ ఎంత వినిపించిందో వ్యవసాయ యంత్రాల గురించి అంత వినిపించలేదు. అమెరికాలో కొలరాడో రాష్ట్రం 2023లో వ్యవసాయ యంత్రాల మరమ్మతు హక్కుకు చట్టం చేసింది. అది 2024 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది. అక్కడి రైతుల గొడవ కంప్యూటర్లతో నడిచే పెద్ద యంత్రాల గురించి. మన గొడవ నట్టు, వాషర్, పుస్తకం గురించి. సూత్రం ఒక్కటే: కొన్నవాడికి తన యంత్రాన్ని విప్పి బిగించుకునే సమాచారం, భాగాలు అందాలి. మన బండ్లకూ రేపు కంప్యూటర్లు వస్తాయి. నట్టు దగ్గర హక్కు అడగని వాళ్లం అప్పుడు అడగడం ఇంకా కష్టం.

పన్ను సంగతీ చూడాలి. 2025 సెప్టెంబర్ 22 నుంచి ట్రాక్టరు మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గింది. ట్రాక్టరు టైర్లు, కొన్ని విడి భాగాల మీద 18 నుంచి 5కు తగ్గింది. ఇది మంచిదే. కానీ ఇంజన్ ఆయిల్ మీద మాత్రం 18 శాతమే ఉంది. బండి కొనేది పదేళ్లకు ఒకసారి. ఆయిల్ కొనేది ప్రతి సీజన్. పన్ను ఎక్కువ అనే కారణంతో గడువు దాటించే రైతుకు, చౌక రకం కొనే రైతుకు కొత్త బండి మీద తగ్గింపు ఏం ఉపయోగం?

చివరగా నల్ల ఆయిల్ గురించి. ఛాంబర్ నుంచి దించిన ఏడెనిమిది లీటర్లు ఎక్కడికి పోతున్నాయి? కొంత చెక్కలకు పూస్తున్నాం. కొంత పొలం గట్టు మీద, మోరీలో, కాలువ పక్కన పోస్తున్నాం. సాగర్ కాలువ నీళ్లే మన చెరువులకు, పశువులకు వెళ్తున్నాయి. వాడిన ఆయిల్‌ను 2016 నాటి నిబంధనలు ప్రమాదకర వ్యర్థంగా లెక్కించాయి. దాన్ని తిరిగి సేకరించి శుద్ధి చేయించే బాధ్యతను ఆయిల్ తయారుచేసేవాళ్ల మీద పెట్టే నిబంధనలు 2024 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చాయి. మన ఊరికి సేకరించే డ్రమ్ము వచ్చిందా? రాకపోతే రప్పించుకోవాలి. ఆ ఆయిల్‌కు ధర ఉంది, పారబోస్తే మనకు నష్టం, నేలకు విషం.

కాబట్టి సంఘం తరఫున ఈ పనులు, ఈ డిమాండ్లు చర్చకు పెడుతున్నాను.

ఒకటి, వానకాలం దమ్ముకు ముందు, యాసంగి దమ్ముకు ముందు గడ్డిపల్లి, కంపాసాగర్ కృషి విజ్ఞాన కేంద్రాల్లో ట్రాక్టరు యజమానులకు, డ్రైవర్లకు ఒకరోజు శిక్షణ పెట్టాలి. పాఠం కాదు, బండి కిందికి దూరి విప్పి బిగించే శిక్షణ. డ్రైవర్లకు ఆ రోజు కూలీ ఇవ్వాలి.

రెండు, ప్రతి ప్రాథమిక సహకార సంఘం ఎరువులతో పాటు ఆ ప్రాంతంలో ఎక్కువగా ఉన్న మోడళ్ల వాషర్లు, నట్లు, ఫిల్టర్లు అసలు ధరకు ఉంచాలి.

మూడు, కంపెనీలు నిర్వహణ పుస్తకాన్ని తెలుగులో ఇవ్వాలి. ప్రతి ఫిల్టరుతో వాషర్ ఇవ్వాలి. మరమ్మతు హక్కును వ్యవసాయ యంత్రాలకు చట్టంగా తేవాలి.

నాలుగు, వ్యవసాయ యంత్రాలకు వాడే ఇంజన్ ఆయిల్ మీద పన్నును 5 శాతానికి తగ్గించాలి.

ఐదు, సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ మార్కెట్ యార్డుల్లో వాడిన ఆయిల్ సేకరణ కేంద్రాలు పెట్టి, తెచ్చిన రైతుకు లీటరుకు ఇంత అని డబ్బు ఇవ్వాలి.

మొదటి రెండూ సాధించడానికి రాజధాని దాకా పోనక్కర్లేదు. మండల కమిటీ పట్టుబడితే ఈ సీజన్‌లోనే అవుతాయి. అప్పటిదాకా గ్రామ కమిటీలు ఒక్క పని చేయాలి. ఊళ్లో ఉన్న ప్రతి ట్రాక్టరు అవర్ మీటరు అంకె, చివరిసారి ఆయిల్ మార్చినప్పటి అంకె, నట్టు కారుతోందా లేదా అన్నది ఒక నోటు పుస్తకంలో రాసి, వచ్చే సమావేశానికి తీసుకురావాలి. ఏ ఊళ్లో ఎన్ని బండ్లు గడువు దాటాయో, ఎన్ని కారుతున్నాయో ఆ పుస్తకాలే చెబుతాయి. అధికారుల ముందు మాట్లాడేటప్పుడు మన దగ్గర మన లెక్క ఉంటుంది. దమ్ము మొదలయ్యేలోగా కారుతున్న బండ్లను బాగు చేయించుకునే వ్యవధీ ఉంటుంది.